మిర్యాలగూడ మిల్లులో ఊక బ్లోయర్ స్టేజీ: వణుకు తగ్గించే పని డైరీ

సెప్టెంబర్ రెండో వారం

మిర్యాలగూడ శివారులో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. షెల్లర్ల (వడ్ల పొట్టు తీసే యంత్రాల) దగ్గర విడిపోయిన ఊకను లాగి, గోడ అవతల ఉన్న ఊక గదిలోకి తోసే బ్లోయర్ గురించి పిలిచారు. నిరుడు దాకా అది నేల మీద కాంక్రీటు దిమ్మెపై తిరిగేది, ఏ ఇబ్బందీ లేదు. కొత్త గ్రేడర్‌కు చోటు కావాలని దాన్ని మూడు మీటర్ల ఎత్తున్న ఇనుప స్టేజీ మీదికి ఎక్కించారు. అదే బ్లోయరు, అదే మోటారు, అవే పులీలు. అయినా యాసంగి సీజన్ పొడుగునా బేరింగులు పోతూనే ఉన్నాయి. బేస్ బోల్టులు వదులవుతున్నాయి, డక్టుకు కట్టిన క్యాన్వాసు చినుగుతోంది. ఒక గస్సెట్ ప్లేటు (కాలునూ అడ్డ ఇనుమునూ కలిపే అతుకు ప్లేటు) దగ్గర వెల్డింగ్ పక్కనే సన్నటి పగులు కూడా కనిపించింది.

స్టేజీ కొలతలు రాసుకున్నాను. నాలుగు కాళ్లూ ఐ.ఎస్.ఎం.బి. 150 బీములు, అంటే 150 మిల్లీమీటర్ల లోతున్న ఐ ఆకారపు ఇనుప దూలాలు. బ్లోయర్ షాఫ్టుకు అడ్డంగా వెడల్పు 2.4 మీటర్లు, షాఫ్టు వెంబడి 2 మీటర్లు. మోటారు 22 కిలోవాట్లు, నాలుగు పోల్స్, ప్లేటు మీద 1460 ఆర్పీఎం అని ఉంది. 8 అంగుళాల పులీ నుంచి 11 అంగుళాల పులీకి వి-బెల్టులు. టాకోమీటరు పెట్టి చూస్తే బ్లోయర్ షాఫ్టు 1055 తిరుగుతోంది. అరవైతో భాగిస్తే సెకనుకు 17.6 చుట్లు, అంటే 17.6 హెర్ట్జ్. మోటారు 24.3 హెర్ట్జ్. ఈ పనంతా ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది.

మిల్లు యజమాని మాట: "సార్, గీ స్టేజీకి బలం చాలుతలేదు. మీది ప్లేటు ఇంకింత మందంది ఏపియ్యుండ్రి, పైసలకు ఎన్కకు పోను."

ఆపరేటర్ మాట వేరు. "ముందుగాల ఉట్టి కాళ్లే ఉండె సార్. మెట్లెక్కితేనే ఊగేది. భయమై యాంగ్లర్లు అడ్డం ఏపిచ్చిన్రు. అవి ఏసినంకనే బేరింగులు పోవుడు షురువైంది."

నాకు ఈ రెండో మాట చాలా విలువైనది. ఊగే స్టేజీకి అడ్డ యాంగిళ్లు (ఏటవాలుగా వేసే ఎల్ ఆకారపు ఇనుప బద్దలు) వేస్తే ఊగడం ఆగింది, కానీ యంత్రం తిరిగేటప్పుడు వణుకు పెరిగింది. బలం తక్కువైన స్టేజీ ఇలా ప్రవర్తించదు. ఈ స్టేజీ బరువు మోయలేక వణకడం లేదు.

బలం ఒక ప్రశ్న, ఫ్రీక్వెన్సీ ఇంకో ప్రశ్న. స్టేజీ విరగకుండా నిలబడాలంటే ఎంత ఇనుము కావాలో మొదటిది చెబుతుంది. తట్టి వదిలేస్తే స్టేజీ తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో రెండోది చెబుతుంది. పుస్తకాల్లో దాన్ని సహజ పౌనఃపున్యం అంటారు. యంత్రం చుట్ల లెక్క దానికి దగ్గరగా వస్తే అనునాదం, మన మాటలో రెజొనెన్స్. అప్పుడు బ్లోయర్ రెక్కల్లోని కొద్దిపాటి బరువు తేడా కూడా ఎన్నో రెట్లు పెరిగి బేరింగు మీద పడుతుంది.

యజమానికి బిందె ఉదాహరణ చెప్పాను. నిండు నీళ్ల బిందె ఎత్తుకొని నడిచేటప్పుడు ఒకానొక నడకలోనే నీళ్లు ఎగిరి ఒలుకుతాయి. కొంచెం మెల్లగానో కొంచెం వడిగానో నడిస్తే ఒలకవు. బిందె గట్టిదా పలచనిదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఆయనకు అర్థమైంది. ప్లేటు మందం మాట ఆ తర్వాత ఎత్తలేదు.

ప్లేటు గురించి లెక్క కూడా చేశాను, రాసి ఉంచడం మంచిది. పక్కకు ఊగడాన్ని ఆపేవి కాళ్లు, అడ్డ యాంగిళ్లు. పైన ప్లేటు ఎంత మందంగా వేసినా ఆ బిగువు పెరగదు, బరువు మాత్రం పెరుగుతుంది. బరువు పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. పైన ఉన్న బరువంతా కలిపి సుమారు 1600 కిలోలు అనుకుంటున్నాను. ఇంకో 300 కిలోలు ఎక్కిస్తే ఫ్రీక్వెన్సీ ఎనిమిది తొమ్మిది శాతం దిగుతుంది, అంతే. ప్రమాదం ఉన్న చోటు నుంచి బయటపడటానికి అది చాలదు.

సెప్టెంబర్ మూడో వారం: తట్టి చూడటం

కోతలు ఇంకా మొదలు కాలేదు కాబట్టి మిల్లు ఖాళీగా ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు రావడం మొదలైతే ఇక ఈ బ్లోయర్‌ను గంట సేపు ఆపడానికి కూడా ఎవరూ ఒప్పుకోరు. దసరాకు ముందే ఇనుము పని ముగించాలి, ఎందుకంటే బతుకమ్మ పండుగకు వెల్డర్లు, హెల్పర్లు ఊళ్లకు వెళ్లిపోతారు.

యంత్రం ఆపి తట్టి చూసే పరీక్షతో మొదలుపెట్టాం. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఫోన్‌లో కదలికను కొలిచే సెన్సర్ ఉంటుంది. జర్మనీలో ఆఖెన్ నగరంలోని ఆర్.డబ్ల్యు.టి.హెచ్. విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో ఆ కదలికను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి చూపే సదుపాయం ఉంది. ఒక జాగ్రత్త: ఫోన్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో, అందులో సగం వరకే నమ్మాలి. సెకనుకు వందసార్లే కొలిచే ఫోన్‌లో 50 హెర్ట్జ్ దాటిన అంకెలకు అర్థం లేదు. మన స్టేజీలకు కావలసినవి 40 లోపు అంకెలే కాబట్టి చాలా ఫోన్లు సరిపోతాయి.

ఫోన్‌ను రెండువైపులా అంటుకునే గట్టి టేపుతో బేరింగు పెడెస్టల్ పక్కన బేస్ ఫ్రేముకు అంటించాం. చేత్తో పట్టుకుంటే చెయ్యి ఊగిందే కనబడుతుంది. బెల్టులు వేసే ఉంచాం, డక్టు విప్పలేదు, డక్టు హ్యాంగర్లు కూడా అలాగే ఉంచాం. ఇవన్నీ స్టేజీ బరువులోనూ బిగువులోనూ భాగమే. విప్పేసి కొలిస్తే వచ్చే అంకె ఇంకో స్టేజీది అవుతుంది. తర్వాత చెక్క సుత్తితో పైఅంచు బీము మీద ఒక దెబ్బ వేసి, మోత పూర్తిగా తగ్గేదాకా ఆగి, మళ్లీ ఇంకొకటి. మూడు దిక్కుల్లోనూ అలాగే.

వచ్చినవి ఇవి. షాఫ్టు వెంబడి ఊగడం 5 హెర్ట్జ్ దగ్గర. షాఫ్టుకు అడ్డంగా, అంటే యాంగిళ్లు వేసిన దిక్కులో 17.7. పైకీ కిందికీ, బ్లోయర్ కింది బీములు 25.

17.7 అన్న అంకె స్క్రీన్ మీద కనబడగానే ఆపరేటర్ టాకోమీటరు వైపు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. షాఫ్టు 17.6, స్టేజీ 17.7. తిరిగే బరువు తేడా నెట్టేది కూడా సరిగ్గా ఈ దిక్కులోనే. షాఫ్టు వెంబడి దాని తోపు బాగా తక్కువ.

పాత కథ కూడా లెక్కకు అందుతోంది. యాంగిళ్లు లేనప్పుడు ఈ దిక్కులో కాళ్ల సన్న వైపు వంగాలి. ఐ.ఎస్.ఎం.బి. 150కి సన్న వైపు జడత్వ భ్రామకం (వంగకుండా ఎదిరించే కొలత) 52.6 సెంటీమీటర్ల నాలుగో ఘాతం, లావు వైపు 726. నాలుగు కాళ్లూ కింద గట్టిగా బిగించి ఉన్నాయనుకున్నా 1.7 హెర్ట్జ్ వస్తుంది. అందుకే మనిషి మెట్లెక్కితే ఊగేది. కానీ బ్లోయర్ 17.6 దగ్గర తిరుగుతున్నప్పుడు స్టేజీ దాని తోపుకు అందేది కాదు. తర్వాత రెండు ముఖాల్లో ఒక్కొక్కటి చొప్పున 50×50×6 యాంగిళ్లు పడ్డాయి. యాంగిల్ కోత వైశాల్యం 568 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 3.84 మీటర్లు. దాని బిగువు లెక్కిస్తే స్టేజీ 19 హెర్ట్జ్‌కు ఎగబాకాలి. గస్సెట్ల పలచదనం, బోల్టు సందుల వల్ల 17.7 దగ్గర ఆగింది. ఊగడం చూసి భయపడి చేసిన మంచి పనే, వెళ్లి వెళ్లి షాఫ్టు వేగం మీదే దిగింది.

అదే వారం, రెండో కొలత

తట్టి చూసిన అంకె ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. నడుస్తున్న యంత్రంతోనూ అదే తేలాలి. తెలిసిన వాళ్ల దగ్గర ఒక వి.ఎఫ్.డి. (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) అడిగి తెచ్చి మోటారుకు తగిలించాం. వేగం కొంచెం కొంచెం పెంచుతూ బేరింగు హౌసింగ్ మీద పక్కదిక్కు వణుకును మీటరుతో చూశాం. అంకెలు సెకనుకు మిల్లీమీటర్లలో, ఆర్.ఎం.ఎస్. అనే ఒక రకం సగటు.

బ్లోయర్ 900 ఆర్పీఎం దగ్గర రెండున్నర. 970 దగ్గర 5. 1020 దగ్గర 10. 1055, 1060 మధ్య 15. అక్కడి నుంచి 1120కి తీసుకెళ్తే మళ్లీ 8కి దిగింది.

వేగం పెరిగితే వణుకు పెరగడం మామూలే, కానీ వేగం ఇంకా పెరుగుతుంటే వణుకు తగ్గిపోవడం రెజొనెన్స్ తప్ప వేరే ఏదీ అంత తేలిగ్గా చేయదు. బేరింగు పాడైతేనో, రెక్కల బరువు తేడా ఒక్కటే కారణమైతేనో అది పెరుగుతూనే పోతుంది. ఈ శిఖరం వెడల్పును బట్టి డ్యాంపింగ్ (వణుకును తనలోనే అణచుకునే గుణం) సుమారు మూడు, మూడున్నర శాతం. అంటే శిఖరం మీద తోపు దాదాపు పదిహేను రెట్లు పెరుగుతోంది. ఈ సైజు యంత్రాలు మెత్తటి ఆధారం మీద ఉంటే 4.5 దాకా పర్వాలేదు, 7.1 దాటితే నష్టమని యంత్రాల వణుకుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 10816 (ఇప్పుడు దాని స్థానంలో ఐ.ఎస్.ఓ. 20816 వచ్చింది) చెబుతుంది. మనం 15 దగ్గర ఒక సీజనంతా నడిపాం. బేరింగులు పోవడంలో వింత లేదు.

మోటారు ఆపి బ్లోయర్ తనంతట ఆగేటప్పుడు కూడా చూశాను. కరెంటు తీసిన కొన్ని క్షణాల్లోనే, వేగం ఇంకా పెద్దగా తగ్గకముందే, మీటరు అంకె పడిపోయింది. వి.ఎఫ్.డి. దొరకని చోట ఈ పరీక్ష ఒక్కటి చేసినా చాలా తెలుస్తుంది.

సెప్టెంబర్ చివరి వారం: ఏది మార్చాలి

దారులు నాలుగు కనిపించాయి. అన్నింటినీ యజమాని ముందు కాగితం మీద పెట్టాను.

వేగం మార్చడం అన్నింటికన్నా చౌక, ఒక పులీ ఖర్చు. కానీ బ్లోయర్‌లో గాలి పరిమాణం వేగంతో, ఒత్తిడి వేగం వర్గంతో, కరెంటు వేగం ఘనంతో మారతాయి. 900కి దించితే ఒత్తిడి పావు వంతుకు మించి తగ్గిపోతుంది, ఊక డక్టు వంపులో కూర్చుంటుంది. 1250కి పెంచితే కరెంటు 1.7 రెట్లు, 22 కిలోవాట్ల మోటారు మోయలేదు. పైగా వేగం అలా పెంచితే పైకీ కిందికీ ఊగే 25 హెర్ట్జ్ వైపు జరుగుతున్నాం. కుదరదు.

రెండోది, వేసిన యాంగిళ్లు తీసేసి స్టేజీని మళ్లీ మెత్తగా వదిలేయడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ ఇది శాస్త్రబద్ధమైన పద్ధతే. పెద్ద టర్బైన్లను మోసే కాంక్రీటు ఫ్రేముల ముఖ్యమైన ఫ్రీక్వెన్సీలు చాలాసార్లు టర్బైన్ తిరిగే వేగానికి కిందే ఉంటాయి. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ స్టేషన్‌లో ఉన్నలాంటి 800 మెగావాట్ల యూనిట్లు 3000 ఆర్పీఎం, అంటే 50 హెర్ట్జ్ దగ్గర తిరుగుతాయి. అంత బరువైన టర్బైన్ కింద పునాదిని 50కి చాలా పైన పెట్టడం సులువు కాదు. కాబట్టి మొదలయ్యేటప్పుడు మధ్యలో వచ్చే ఫ్రీక్వెన్సీలను త్వరగా దాటించేస్తారు. అక్కడ వేగం పెంచే తీరు మీద అదుపు ఉంటుంది, ప్రతి బేరింగుకూ కొలిచే పరికరం ఉంటుంది. మన దగ్గర సీజన్‌లో కరెంటు పోయినప్పుడల్లా బ్లోయర్ ఆగుతుంది. మూడు మీటర్ల ఎత్తులో 1.7 హెర్ట్జ్‌తో ఊగే స్టేజీ మీద మనిషి నిలబడి గ్రీజు పెట్టాలి. దీనికి నేను ఒప్పుకోను.

మూడోది రబ్బరు ప్యాడ్లు. ఇంత తక్కువ వేగానికి పనికొచ్చేంత మెత్తటి ప్యాడ్లు పెడితే బ్లోయరే బెల్టు లాగుడుకు వాలిపోతుంది. వదిలేశాం.

నాలుగోది, ఈ దిక్కులో స్టేజీని ఇంకా చాలా బిగువుగా చేయడం. "కొంచెం" బిగించడం వల్ల ప్రయోజనం లేదని గట్టిగా చెప్పాను. ఫ్రీక్వెన్సీ బిగువుకు వర్గమూలంగా పెరుగుతుంది. బిగువు రెట్టింపు చేస్తే ఫ్రీక్వెన్సీ 1.41 రెట్లే అవుతుంది. అంటే 17.7 కాస్తా 25 అవుతుంది, అక్కడ మోటారు 24.3తో కాచుకొని ఉంది. నడిచే వేగానికి కనీసం 20 శాతం, వీలుంటే 30 శాతం దూరం ఉంచాలన్నది నేను పట్టుకునే నియమం. మోటారును కూడా లెక్కలోకి తీసుకుంటే స్టేజీ 30కి పైన ఉండాలి. అంటే బిగువు మూడు రెట్లకు తక్కువ కాకూడదు.

దారి మీద పంచాయితీ

స్టేజీ కింది నుంచి తవుడు బస్తాల ట్రాలీ పోతుంది. యాంగిళ్లు వేసిన ముఖం గుండానే, ఒకవైపు సందులోంచి దూర్చుకుంటూ తీసుకెళ్తున్నారు. నేను అడిగే ఎక్స్ ఆకారం వేస్తే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. యజమాని సూచన: "ఒక్క దిక్కు ఎక్స్ ఏసుండ్రి సార్, ఇంకో దిక్కు గట్లనే ఉండనియ్యుండ్రి."

అది కుదరదు. ఒక ముఖం గట్టిగా, ఎదురు ముఖం మెత్తగా ఉంటే స్టేజీ నేరుగా ఊగకుండా మెలి తిరుగుతుంది. ఆ మెలికకు ఇంకో ఫ్రీక్వెన్సీ ఉంటుంది, అది ఎక్కడ పడుతుందో తెలియదు. రెండు ముఖాలూ ఒకేలా ఉండాలి.

మేస్త్రీ ఇంకో ఆలోచన చెప్పాడు. రెండు కాళ్ల అడుగుల నుంచి పై బీము నడుమకు తలకిందులు వి ఆకారంలో చానళ్లు వేస్తే నడుమ దారి ఉంటుంది కదా అని. మంచి ఆలోచన, లెక్క చేసి చూశాను. బ్రేసింగు ఎంత నిటారుగా ఉంటే పక్క తోపుకు అంత తక్కువ పనికొస్తుంది. నేలతో చేసే కోణం కొసైన్ వర్గాన్ని బట్టి దాని ఫలితం ఉంటుంది. మూల నుంచి మూలకు వేసే యాంగిల్‌కు ఆ విలువ 0.39 అయితే, సగం వెడల్పులో నిలబడే వి కాలుకు 0.14. ఐ.ఎస్.ఎం.సి. 100 చానల్ వేసినా కాగితం మీదే 25 హెర్ట్జ్ వస్తుంది. అతుకుల నష్టం తీసేస్తే ఇంకా కిందికి. అంటే సరిగ్గా ఎక్కడైతే ఉండకూడదో అక్కడ. మేస్త్రీకి కాగితం మీద గీసి చూపిస్తే ఆయనే వద్దన్నాడు.

చివరికి దారినే తిప్పాం. షాఫ్టు వెంబడి ఉన్న రెండు ముఖాలూ తెరిచే ఉన్నాయి కాబట్టి ట్రాలీ అటు నుంచి పోవచ్చు. ఒక పాత బకెట్ ఎలివేటర్ బూటు అడ్డం ఉంటే దాన్ని పక్కకు జరిపించారు. హమాలీలకు నాలుగు అడుగులు ఎక్కువ పడుతుంది. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాకే ఖాయం చేశాం, లేకపోతే సీజన్ మధ్యలో ఎవరో ఒకరు గ్యాస్ కట్టర్‌తో యాంగిల్ కోసేస్తారు. అలా కోసేసిన స్టేజీలు చూశాను.

అక్టోబర్ మొదటి వారం: ఇనుము పని

వేయాలని తేల్చింది: రెండు ముఖాల్లోనూ 75×75×8 యాంగిళ్లతో నిండు ఎక్స్. రెండు యాంగిళ్లూ కలిసే చోట 10 మిల్లీమీటర్ల ప్లేటు పెట్టి రెంటినీ కలిపి వెల్డింగ్. కోత వైశాల్యం పాతదానికి రెట్టింపు, యాంగిళ్లు రెట్టింపు. కలిపి నాలుగు రెట్లు బిగువు, రెండు రెట్లు ఫ్రీక్వెన్సీ, కాగితం మీద 38. బ్రేసింగు ఇంత గట్టిపడ్డాక కాళ్లు నిలువునా సాగడం, బేస్ ప్లేట్లు వంగడం లాంటివి లెక్కలోకి వస్తాయి. అందుకని 31, 32 వస్తే చాలనుకున్నాను.

పాత గస్సెట్లు 5 మిల్లీమీటర్లవి, పగులున్నది కూడా అందులోనే. అన్నీ కోసేసి 10 మిల్లీమీటర్లవి పెట్టాం. యాంగిళ్ల మధ్యగీతలు కాలు మధ్యగీత మీద కలిసేలా గస్సెట్లు కోయించాం. ఇది మేస్త్రీకి విసుగు పుట్టించిన పని. గీతలు కలవకుండా పక్కకు పోతే తోపు వచ్చినప్పుడల్లా కాలు వంగుతుంది, ఎంత లావు యాంగిల్ వేసినా ఆ వంపులోనే బిగువు పోతుంది. పాత పనిలో గీతలు నాలుగు వేళ్ల దూరంలో కలిసేవి.

బేస్ ప్లేట్ల కింద చూస్తే రెండు చోట్ల గ్రౌటు (సందు నింపే సిమెంటు ముద్ద) లేదు, షిమ్ముల (సన్న ఇనుప పలకల) మీదే కాలు నిలబడింది. కుంచించుకుపోని గ్రౌటు పోయించి, ఆరేదాకా యాంకర్ బోల్టులు బిగించలేదు. ఈ ఒక్క పనికి సమయం ఎక్కువైందని యజమాని తొందరపెట్టారు. బేస్ ప్లేటు కింద సందు ఉంటే పైన వేసిన ఇనుముకు విలువ లేదని చెప్పి ఆపాను.

బ్లోయర్‌ను చైన్ బ్లాకుతో ఎత్తే ఉంచాం కాబట్టి కింది బీములు కూడా మార్చేశాం. అవి 25 హెర్ట్జ్, మోటారు 24.3. మోటారులో బరువు తేడా చాలా తక్కువ కాబట్టి అది ఇంతకాలం పెద్దగా బయటపడలేదు. రేపు మోటారు రీవైండింగ్‌కు వెళ్లి వచ్చి పులీ సరిగా కూర్చోకపోతే అప్పుడు బయటపడుతుంది. ఐ.ఎస్.ఎం.బి. 150 తీసి ఐ.ఎస్.ఎం.బి. 200 వేస్తే భ్రామకం 726 నుంచి 2235కి, మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. బరువు మీటరుకు పది కిలోలే ఎక్కువ. ఖర్చుకు తగ్గ లాభం ఇంతకన్నా ఎక్కడా దొరకదు.

దసరాకు ముందు: మళ్లీ కొలత

బెల్టులు, డక్టు అన్నీ ఎక్కించాక అదే ఫోన్, అదే చోటు, అదే సుత్తి.

షాఫ్టుకు అడ్డంగా 31. పైకీ కిందికీ 39. షాఫ్టు వెంబడి 5 అలాగే ఉంది, దాన్ని కావాలనే ముట్టుకోలేదు. బ్లోయర్ మొదలైన రెండు మూడు క్షణాల్లో 300 ఆర్పీఎం దాటేస్తుంది, ఆ దిక్కులో తోపు కూడా బాగా తక్కువ. మెలిక కోసం ఎదురెదురు మూలల్లో తట్టి చూస్తే 34 దగ్గర చిన్న శిఖరం ఉంది. షాఫ్టు వేగానికి రెట్టింపు 35 కాబట్టి అది చూసి కాస్త ఆలోచించాను. నడిపి చూస్తే 35 దగ్గర వణుకు చాలా తక్కువ. బెల్టు పులీల అలైన్‌మెంట్ చెడితే, బోల్టు వదులైతే అది పెరుగుతుంది. అందుకే దారం కట్టి పులీలు మళ్లీ సరిచూసి, ఈ అంకెను లాగ్ బుక్కులో ఎర్ర సిరాతో రాయించాను.

నడిపితే పక్కదిక్కు వణుకు 15 నుంచి 2.1కి వచ్చింది. పైకీ కిందికీ 1.6. యజమాని స్టేజీ ఎక్కి బేరింగు హౌసింగ్ మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

బ్యాలెన్సింగ్ దీని తర్వాతే చేశాం, ఆ వరుస ముఖ్యం. శిఖరం మీద ఉన్నప్పుడు వేగం ఒక శాతం మారినా వణుకు ఫేజ్ (చుట్టులో ఏ కోణం దగ్గర వణుకు ఎక్కువగా వస్తుందో అది) ఎటో జరిగిపోతుంది. అక్కడ బ్యాలెన్స్ చేయబోతే బరువు ఎక్కడ పెట్టాలో ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. గడిచిన సీజన్‌లో ఎవరో బ్యాలెన్సింగ్‌కు వచ్చి రెక్కల మీద చాలా ముక్కలు వెల్డింగ్ చేసి వెళ్లారు. అవన్నీ గ్రైండ్ చేసి తీసేశాం. ఫేజ్ కొలిచే పరికరం లేకుండానే, మామూలు మీటరుతో నాలుగుసార్లు నడిపే పద్ధతి వాడాం. ఒకసారి ఉన్నదున్నట్టు, తర్వాత ఒకే బరువును 120 డిగ్రీల దూరంలో ఉన్న మూడు చోట్ల మార్చి మార్చి పెట్టి. వచ్చిన నాలుగు అంకెలతో కాగితం మీద వృత్తాలు గీస్తే అవి కలిసే చోటు సరైన బరువునూ కోణాన్నీ చూపుతుంది. పక్కదిక్కు వణుకు 1.3కి దిగింది. ఊకలో సిలికా ఎక్కువ, అది రెక్కలను అరగదీస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ అంకె ఇలాగే నిలవదు. కానీ ఇక మీదట రెక్కలు అరిగినా ఆ తోపు పదిహేను రెట్లు పెరగదు, దాదాపు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగుతుంది.

పులీ గార్డు మీద పెయింటుతో రాయించాం: పులీ సైజు మార్చే ముందు స్టేజీ ఫ్రీక్వెన్సీ చూడాలి. కింద మూడు దిక్కుల అంకెలు, తేదీ. లాగ్ బుక్కులోనూ అవే.

నవంబర్: బాయిలర్ వైపు

వడ్లు వస్తున్నాయి, బ్లోయర్ రాత్రింబవళ్లు నడుస్తోంది. బేరింగు వేడి మామూలుగానే ఉంది, ఆపరేటర్ రోజూ మీటరు అంకె రాస్తున్నాడు, 1.3, 1.5 మధ్య ఉంటోంది. సీజన్ మధ్యలో పని కాబట్టి మిల్లు ఆపడానికి లేదు, అయినా ఇంకో స్టేజీని చూడమన్నారు. బాయిలర్ ఐ.డి. ఫ్యాన్, అంటే బాయిలర్ పొగను లాగి చిమ్నీలోకి తోసే ఫ్యాన్. ఇది నేరుగా కప్లింగ్‌తో నడిచేది, ఆరు పోల్స్ మోటారు, 50 హెర్ట్జ్ కరెంటు మీద 960 ఆర్పీఎం, అంటే షాఫ్టు 16 హెర్ట్జ్. కానీ వి.ఎఫ్.డి. మీద నడుస్తుంది. ఆవిరి అవసరాన్ని బట్టి డ్రైవ్ 35 నుంచి 50 మధ్య ఎక్కడైనా ఉంటుంది. షాఫ్టు లెక్కలో అది 11 నుంచి 16.

ఒకే వేగంతో నడిచే యంత్రానికి ఒక అంకె నుంచి తప్పించుకుంటే చాలు. ఇక్కడ ఒక మొత్తం పట్టీ నుంచి తప్పించుకోవాలి. మధ్యాహ్నం ఫైరింగు తగ్గించిన కాసేపట్లో తట్టి చూస్తే పక్కదిక్కు 13.5 వచ్చింది, సరిగ్గా నడుమ. డ్రైవ్ లెక్కలో 42 దగ్గర. ఆపరేటర్లను అడిగితే 42 దగ్గర "గుర్ర్" మంటుందని వాళ్లకు ముందే తెలుసు, మెల్లగా దాటించేస్తున్నారు. మెల్లగా దాటించడం సరికాదు, అక్కడ ఆగే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది.

చాలా వి.ఎఫ్.డి.లలో ఫలానా ఫ్రీక్వెన్సీల మధ్య ఆగవద్దని చెప్పే సెట్టింగ్ ఉంటుంది. 39 నుంచి 45 వరకు ఆ పట్టీ పెట్టాం, దాటే వేగం పెంచాం. ఇది సీజన్ గడవడానికి మాత్రమే. 20 శాతం దూరం లెక్కన చూస్తే 13.5 చుట్టూ 11 నుంచి 16 దాకా మొత్తం వదిలేయాలి, అంటే ఫ్యాన్ నడిచే చోటే మిగలదు. 39 దగ్గర నడిపినా శిఖరం మీద ఉన్నంత కాకపోయినా పెరుగుదల గట్టిగానే ఉంటుంది. ఈ స్టేజీ 20 హెర్ట్జ్ పైకి వెళ్లాలి, దానికి బిగువు రెండు రెట్లకు పైగా కావాలి. కాళ్ల కొలతలు, గస్సెట్ల మందం, బేస్ ప్లేట్ల కింద గ్రౌటు ఫొటోలు తీసుకున్నాను. మేస్త్రీ బాయిలర్ వైపు గోడకు ఒక కాలు ఆనించవచ్చా అని అడుగుతున్నాడు. ఆ గోడ ఇటుకదా కాంక్రీటు కాలమ్‌దా అన్నది చూసి చెబుతానన్నాను, ప్లాస్టరు కొట్టి చూడాలి.